దోమ ఒంట్లో పది రోజులు

మలేరియా రోగిని కుట్టిన అనాఫిలిస్ దోమ ఆ రాత్రే ఇంకొకరికి జ్వరం అంటించలేదు. ముందు మలేరియా క్రిమి దోమ ఒంట్లో నెగ్గాలి. దోమకీ రోగనిరోధక శక్తి ఉంది.

రక్తంతో పాటు లోపలికి వెళ్లిన క్రిమి ఒక రోజులో పేగు గోడ తొలుచుకుని అవతలకి చేరుతుంది. అక్కడ దోమ రక్తంలోని టెప్1 అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుంటే చితికిపోతుంది, లేదా చుట్టూ నల్లని మెలనిన్ గట్టిపడి చస్తుంది. పేగులోని బాక్టీరియా మీద దోమ వదిలే ప్రోటీన్లూ క్రిమిని దెబ్బతీస్తాయి. యాంటీబయాటిక్‌తో ఆ బాక్టీరియాని తీసేసిన దోమల్లో క్రిములు ఎక్కువగా బతికాయని ప్రయోగాల్లో తేలింది.

ఒకటి రెండు క్రిములు మిగిలినా చాలు, పేగు గోడ మీద బుడిపెలు కట్టి వేలల్లో పెరుగుతాయి. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ చూసింది ఈ బుడిపెలనే. అవి పగిలి లాలాజల గ్రంథులకి చేరేసరికి పది, పద్నాలుగు రోజులు పడుతుంది. ఈలోగా దోమ రెండు మూడు రోజులకోసారి రక్తం తాగుతుంది. తాగిన ప్రతిసారీ చాలా దోమలు ఇంటి గోడ మీదే వాలి అరిగించుకుంటాయి. గోడకి మందు కొట్టేది అందుకే. అది దోమ కుట్టకుండా ఆపదు, కుట్టిన దోమని, క్రిమి లాలాజల గ్రంథులకి చేరేంత ముసలి కానివ్వదు.

ఆ మందు ఆల్ఫాసైపర్‌మెత్రిన్ 5 శాతం పొడి అయితే 250 గ్రాములు 10 లీటర్ల నీళ్లలో కలపాలి. అది 500 చదరపు మీటర్లకి సరిపోతుంది. నాజిల్ గోడకి 45 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. పొడి అడుగున పేరుకుంటుంది కాబట్టి బకెట్ కలుపుతూనే ఉండాలి. తిండి సామాను, ఉయ్యాల ముందే బయటపెట్టి, గోడ ఆరాకే లోపలికి వెళ్లాలి.

శ్రీకాకుళం జిల్లా మందస, మెళియాపుట్టి వైపు మట్టి గోడల ఇళ్లలో మందు మామూలుగానే త్వరగా ఇంకిపోతుంది. దాని మీద పండగకని పేడతో అలికినా, సున్నం వేసినా మందు పూర్తిగా కప్పబడిపోతుంది. దయచేసి అలుకూ సున్నమూ ముందే కానిచ్చేయండి, కొట్టాక రెండున్నర నెలలు గోడ ముట్టుకోవద్దు. పడక గది వదిలేసి వీధి అరుగుకి కొట్టించుకుంటే ఫలితం ఉండదు.

డెంగీ దోమ దారి వేరు. అది బట్టల మాటున, మంచం కింద నక్కుతుంది, గోడ మందుకి అంతగా దొరకదు. దానికి వారానికోసారి తొట్టి ఖాళీ చేసి, అంచులు పీచుతో గట్టిగా రుద్దాలి. అక్కడ అంటుకున్న గుడ్లు నెలల తరబడి ఎండినా చావవు.