గండికోట దారిలో గొర్రెల మంద, నెగడు వెలుగు

జమ్మలమడుగు నుంచి గండికోటకు వెళ్లే దారిలో, శనగ కోసిన చేలల్లో గొర్రెల మంద దిగిందని తెలిసి, ఫిబ్రవరిలో ఒక సాయంత్రం బొగ్గుకడ్డీలు, కాగితాలు తీసుకుని బయలుదేరాను. పగటి పెన్నా లోయను చాలామంది చిత్రిస్తారు. నాకు కావలసింది దేశం తిరిగే మనుషుల రాత్రి.

ఈ కోరికకు మూలం నేను అచ్చులో మాత్రమే చూసిన ఒక చిత్రం. జర్మన్ చిత్రకారుడు ఆడమ్ ఎల్‌షైమర్ 1609లో రాగిరేకు మీద వేసిన ‘ఈజిప్టుకు పలాయనం’ ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది. ఎత్తు 31, వెడల్పు 41 సెంటీమీటర్లే అయినా, పసిబిడ్డ యేసుతో పారిపోతున్న మరియ, యోసేపుల చుట్టూ చంద్రుడు, నీటిలో అతని ప్రతిబింబం, యోసేపు చేతి దివిటీ, ఎడమ పక్కన పశువుల కాపరుల నెగడు, ఆకాశంలో పాలపుంత దేనికదిగా వెలుగుతుంటాయి. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ 1647లో వేసిన, డబ్లిన్‌లో ఉన్న చిత్రంలో అదే కుటుంబం నెగడు పక్కన సేదతీరుతుంది.

నేను చేరేసరికి కాపరులు కందికట్టె అంటించారు. మంట వైపున్న పెద్దాయన ముక్కు, నెరసిన గడ్డం, కర్ర పట్టిన వేళ్లు మాత్రమే ఎర్రబారాయి. గొంగడి కప్పుకున్న వీపు ఎక్కడ ముగిసి చీకటి ఎక్కడ మొదలైందో తెలియలేదు. అంచున పడుకున్న గొర్రెల కళ్లు పచ్చగా మెరిసి ఆరాయి. మంద పడుకున్న చేనికి ఎరువు దక్కుతుంది కనుక, రైతు వీరికి గింజలో డబ్బులో ఇస్తాడు. ఆ తర్వాత మంద మరో చేనికి సాగుతుంది.

బొమ్మకు వెలుగు చాలక, ఇంకాస్త కట్టె వేయమని అడిగాను.

“మంట పెద్దగా ఏసుకుంటే, అవతల నక్క ఒచ్చినా మనకు కానరాదు నాయనా,” అన్నాడాయన.

ఎల్‌షైమర్ నెగడు అంత చిన్నదిగా ఎందుకుండాలో నాకు అక్కడే బోధపడింది. కాపరికి నెగడు కావలి పనిలో భాగం. దాన్ని అందం కోసం పెంచితే, అతడు కాపలా కాసే చీకటే బొమ్మలోంచి పోతుంది. తిరిగేవారిని రంగురంగుల అలంకారంగా నిలబెట్టే చిత్రాలు నన్ను కదిలించకపోవడానికి కారణం కూడా ఇదేననిపిస్తుంది.

కాగితమంతా బొగ్గుతో నల్లగా రుద్ది, మంట ఉన్న చోట మాత్రమే రబ్బరుతో తుడిచాను. దీన్ని రంగుల్లో వేసేటప్పుడు కూడా నెగడును బొటనవేలి గోరంతకు మించనివ్వను.