ఇస్కపల్లి ఉప్పు కయ్యల్లో వాన వెలిసిన పొద్దున

వలస పిట్టల్ని చూడ్డానికి ఈ సీజన్‌లో నెల్లూరు జిల్లా ఇస్కపల్లికి ఇది నాలుగోసారి. మొదటి మూడుసార్ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. మార్చి ఆఖరికి సగం కయ్యలు పిట్టల్లేక ఖాళీ అయిపోయాయి, ఇక ఈ ఏడాదికి ఇంతేలే అనుకున్నా.

ఏప్రిల్ రెండో శనివారం సాయంత్రం ఉరుములు, ఈదురుగాలి, గంటసేపు వాన. చలిదేశాల్లో వసంతకాలపు చలిగాలి తగిలితే ఉత్తరానికి పోయే పిట్టలు ఎక్కడివక్కడ దిగిపోతాయి. మనకంత చలి ఎక్కడిది గానీ, వానా గాలీ ఉన్నాయిగా! ఆదివారం నాలుగున్నరకే బండి తీశా. కోవూరు దాటి అల్లూరు మీదుగా చేరేసరికి తెల్లారుతోంది.

పొద్దున పూట తూర్పు గట్టు మీదే నిలబడాలి. నేను మొదటిసారి పడమటి గట్టెక్కి, ఎండకు ఎదురుగా చూసి, నల్ల బొమ్మల్ని లెక్కపెట్టుకొచ్చా. ఇంకోటి, ఉప్పు పేరుకునే కయ్యల్లో వెతకొద్దు. ముందు నీళ్లు నిలబెట్టే కయ్యల్లోనే పిట్టలకు తిండి దొరికేది. వానకి నీటిమట్టం పెరగడంతో స్టింట్లనే పొట్టికాళ్ల చిన్న పిట్టలన్నీ గట్ల అంచుకి వచ్చేశాయి. నాకు ఇరవై అడుగుల్లో!

అసలు సంగతి కర్లూ శాండ్‌పైపర్లనే వలస పిట్టలు. పదేసి చొప్పున గుంపులు కట్టి లెక్కేస్తే 210. ఫిబ్రవరిలో ఇక్కడే 40 దాటలేదు. ఒకదాన్ని చాలాసేపు చూశా. పొట్టంతా ఇటుక రంగు తిరుగుతోంది, మధ్యమధ్య తెల్లటి పాత ఈకలు, పాత గోడకి సగం రంగు కొట్టి వదిలేసినట్టు. కిందికి వంగిన ముక్కుని బురదలో కుట్టుమిషన్ సూదిలా దించి తీస్తోంది. ఎగిరినప్పుడు తోక మొదట్లో తెల్లగా కనిపిస్తే ఇక డౌటే లేదు. ఇవి గుడ్లు పెట్టేది సైబీరియా ఉత్తరపు కొసన, టండ్రాలో.

ఒకదాని కాలికి, పరిశోధకులు గుర్తు కోసం తొడిగే నంబరు రింగులాంటిది మెరిసింది. చదువుదామంటే బైనాక్యులర్ అద్దం చెమ్మ పట్టింది, తుడిచేలోపు లేచిపోయింది. తిక్క రేగింది. ఆ కంగార్లో జారి ట్రైపాడ్‌తో సహా బురదలో పడ్డా. ఇంటికెళ్లగానే మంచినీళ్లతో కడగకపోతే ఆ ఉప్పుకి స్క్రూలు తుప్పు పడతాయి.

గట్టు మీద ఒక పెద్దాయన తాటాకులు తీసి ఉప్పు కుప్ప చూసుకుంటున్నాడు. కుప్ప చుట్టూ నీళ్లు.

"పిట్టలు బాగా దిగినట్టుండాయే అబ్బయా?"

"దిగాయి పెద్దాయనా. నీ ఉప్పు?"

"కయ్యలో ఉండేది కరిగిపోయె. మళ్లా నీళ్లు ఎండాల."

210 అన్న అంకె ఆయనకి చెప్పబుద్ధి కాలేదు.

బుధవారం సాయంత్రం మళ్లీ వెళ్లా. గాలి ఆగిపోయింది, మిగిలినవి 11. వాటిలో ఒక్కదానికీ ఎర్ర రంగు లేదు. నిరుడు పుట్టిన పిల్లలయ్యుంటాయి, అలాంటివి చాలావరకు మొదటి వేసవి ఇక్కడే గడిపేస్తాయి. మే మూడో వారంలో ఇంకోసారి చూసి రావాలి. ఈసారి అద్దం తుడిచే గుడ్డ జేబులోనే ఉంటుంది.