క్యూబ్ మీద గోళం

ఈరోజు డ్రాయింగ్ షీట్ మీద క్యూబ్, దానిపై కూర్చున్న గోళం ఐసోమెట్రిక్ ప్రొజెక్షన్‌లో గీశాను, అంటే పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ ఒకే బొమ్మలో సమానంగా తగ్గి కనిపించే పద్ధతిలో. క్యూబ్‌తో పెద్ద పనేం లేదు. ఒక నిలువు గీత, అటూ ఇటూ 30 డిగ్రీల సెట్ స్క్వేర్‌తో రెండు గీతలు, మిగతావన్నీ వాటికి సమాంతరాలే.

అసలు మజా గోళం దగ్గర మొదలైంది. ఈ ప్రొజెక్షన్‌లో ఆ మూడు అక్షాల వెంట ప్రతి కొలతా దాదాపు 0.816 వంతుకు తగ్గుతుంది. గోళం మాత్రం ఎటు నుంచి చూసినా అదే వృత్తం, కాబట్టి వ్యాసార్థం తగ్గించకూడదు. కానీ కేంద్రం ఎత్తు తగ్గాల్సిందే! నా గోళం వ్యాసార్థం 25 మి.మీ. అంటే క్యూబ్ పైముఖం మధ్య బిందువు నుంచి 20.4 మి.మీ. ఎత్తులో కేంద్రం పెట్టి, 25తో వృత్తం తిప్పాలి. గీశాక చూస్తే గోళం క్యూబ్‌లోకి కూరుకుపోయినట్టుంది. నిజానికి మనం పైనుంచి చూస్తున్నాం, అందుకే రెండూ తాకే చోటు గోళం వెనక దాక్కుంటుంది. ఈ లాజిక్ అర్థమయ్యాక టెన్షన్ పోయింది, బొమ్మ మీద నమ్మకం కూడా కుదిరింది.

సిలిండర్ గుండ్రటి ముఖాలకి వాడే నాలుగు కేంద్రాల పద్ధతి నాకు అంతగా నచ్చదు. వచ్చేది దీర్ఘవృత్తంలా కనిపించే నాలుగు చాపాలే. పరీక్షలో త్వరగా అవుతుందని వాడతాను, అంతే. రేపు పిరమిడ్. ఏటవాలు అంచుల్ని నేరుగా కొలవలేం, ముందు పిరమిడ్ సరిగ్గా పట్టే పెట్టె గీసుకోవాలి.