అమావాస్య నాటి గుమ్మడికాయ

మా పాపకి తాతయ్యంటే ఫోను. టెక్సస్‌లో మాకు రాత్రి ఎనిమిదిన్నర అయ్యేసరికి భీమవరంలో పొద్దున్న ఏడవుతుంది. మామయ్యగారు వరండాలో కూర్చుని, గ్లాసులో కాఫీ ఊదుకుంటూ "చిట్టీ" అంటారు. ఇది స్క్రీన్ నాకుతుంది. ఫోన్ పెట్టేశాక కూడా ఆ నల్లటి అద్దం వంక చూసి "తాత" అనేది. ఛార్జింగ్‌లో పెడితే వైరు దగ్గర నిలబడి తాత కావాలని ఏడ్చేది. మాకు నవ్వొచ్చేది. "ఏడాది దాటిపోయింది, ఇది మా నాన్నని ఇంకా ఒక్కసారి కూడా ముట్టుకోలేదు" అని మా ఆవిడ అన్న రోజు మాత్రం నవ్వు రాలేదు.

2024 సెప్టెంబర్‌లో అత్తయ్యగారూ మామయ్యగారూ మా వదినగారింటికి వచ్చారు. వాళ్ళది మసాచుసెట్స్‌లో ష్రూస్‌బరీ. నవంబర్ మధ్యకల్లా వరి కోతలకి మామయ్యగారు ఊళ్ళో ఉండాలి. ఈలోగా ఒకసారి టెక్సస్ కూడా వచ్చి వెళ్ళండంటే ఆయన మాట్లాడకుండా మోకాళ్ళు చూపించారు. ఇంకేం చేస్తాం, అక్టోబర్ 20న మేమే బయల్దేరాం.

డాలస్ నుంచి బోస్టన్‌కి దాదాపు నాలుగు గంటలు. రెండేళ్ళ లోపు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే ఇక్కడి దేశవాళీ విమానాల్లో టికెట్ అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదో మొదటి గంటలోనే అర్థమైంది. ఆ పిల్ల అసలు ఒళ్ళో కూర్చుంటే కదా! దిగాక ఇంకో సంబరం. స్ట్రోలర్ ఒక చక్రం లేకుండా వచ్చింది. కౌంటర్‌లో ఫారం ఇచ్చారు, నింపాం, అంతే సంగతులు. ఈ రెండు వారాలూ పిల్లని ఎవరో ఒకరు ఎత్తుకోవాల్సిందే. అప్పుడు తిట్టుకున్నాను గానీ, ఆ చక్రం ఊడటమే మంచిదైంది.

లోగన్ ఎయిర్‌పోర్ట్ నుంచి పడమరగా గంట ప్రయాణం. వెళ్ళేసరికి మామయ్యగారు స్వెటర్ వేసుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. రెండు చేతులూ చాచి "చిట్టీ" అన్నారు. గొంతు గుర్తుపట్టింది. పట్టిన మాట నిజం. కానీ ఆయన వైపు చూడలేదు, నా చొక్కా జేబు వైపు చూసింది. జేబులో ఫోను ఉంది. ఆయన ఇంకో అడుగు ముందుకేస్తే కెవ్వుమని నా మెడలో మొహం దాచేసుకుంది. "పోన్లెండి అల్లుడుగారూ, కొత్త కదా" అని చేతులు దించేశారు. మంకీ క్యాప్ వల్లేనని అత్తయ్యగారు ఆయన్ని కసిరారు. టోపీ తీశారు. అయినా లాభం లేకపోయింది.

మర్నాడు పొద్దున్న కళ్ళు తెరిస్తే కిటికీ నిండా పసుపు. ఈ ఆకుల రంగుల కోసం జనం అక్టోబర్ మొదట్లో న్యూ హాంప్‌షైర్ కొండలకి కార్లు కట్టుకుని పోతారు. మేం వెళ్ళేసరికి అక్కడ రాలిపోయాయట గానీ ష్రూస్‌బరీలో ఇంకా బాగానే ఉంది. ఐదో క్లాసు చదువుతున్న వదినగారమ్మాయి నాకు పాఠం చెప్పింది: "బాబాయ్, పసుపు ముందునుంచీ ఆకులోనే ఉంటుంది, గ్రీన్ పోయాక బయటపడుతుంది. ఎరుపు మాత్రం అప్పుడే తయారవుతుంది." ముప్ఫై అయిదేళ్ళు వచ్చినా నాకీ సంగతి తెలీదు. ఆ ఏడు అక్టోబర్ అంతా అక్కడ వాన దాదాపు లేదు. రాలిన ఆకులు అప్పడాల్లా ఉన్నాయి, అడుగు పడితే పటపటమని విరుగుతున్నాయి.

ఊరికే కూర్చోలేక మామయ్యగారు ఆకులు ఊడవటం మొదలుపెట్టారు. పళ్ళున్న పొడుగు కర్ర ఒకటి ఉంటుంది, రేక్ అంటారు. దాంతో గుట్టలు చేసి పెద్ద కాగితం సంచుల్లోకి ఎత్తాలి. పొలంలో పని చేసిన చెయ్యి కదా, గుట్టలన్నీ కుప్పనూర్పుల్లా వరసగా పెట్టారు. పదిహేను నెలల మా పాప మెట్ల మీద నా కాలు పట్టుకుని చూస్తోంది. కాసేపటికి దిగింది. రెండడుగులు వేసి ఆ పటపట శబ్దానికి ఆగిపోయింది. కాళ్ళకేసి చూసుకుంది. మళ్ళీ ఒకడుగు. మళ్ళీ పటపట. అప్పుడు వంగి ఒక్క ఆకు, కాడ పట్టుకుని తీసి, ఆయన దాకా నడిచి, చెప్పు పక్కన పెట్టి, వెనక్కి పరుగెత్తి వచ్చేసింది. పరుగంటే పరుగు కాదు, పడబోతూ ఆపుకోవడం.

ఆయన చాలా తెలివైన పని చేశారు. ఎత్తుకోబోలేదు, పిలవలేదు. ఆ ఆకు తీసి చొక్కా జేబులో పెట్టుకుని మళ్ళీ ఊడవటంలో పడ్డారు. ఇంకో ఆకు వచ్చింది. అదీ జేబులోకే. మధ్యాహ్నానికి జేబు ఉబ్బిపోయింది. మూడో రోజు పొద్దున్న నేను కాఫీ తాగుతుంటే మా పాప తన బూట్లు రెండూ, కుడీ ఎడమా కలిపి గుండెకి హత్తుకుని తెచ్చి ఆయన ముందు పడేసింది. ఆయన కింద కూర్చుని తొడిగారు, మోకాళ్ళు నొప్పులని ఒక్క మాట అనలేదు. అప్పటినుంచి రోజూ అదే టైముకి అదే బూట్ల కార్యక్రమం. ఎత్తుకునే డ్యూటీ మాత్రం ఇంకెవరికీ దక్కలేదు.

శనివారం వాచూసెట్ కొండకి తీసుకెళ్ళారు. 2,006 అడుగులు. తేటగా ఉన్న రోజున పైనుంచి బోస్టన్ మేడలు కనపడతాయి. మాకూ కనపడ్డాయి, బఠాణీ గింజలంత. మా తోడల్లుడు సేలం కూడా చూపిస్తానన్నాడు. 1692లో మంత్రగత్తెలన్న నింద వేసి 19 మందిని ఉరి తీసిన ఊరది. ఇప్పుడు అదే ఊళ్ళో అక్టోబర్ అంతా జనం మంత్రగత్తెల టోపీలు పెట్టుకుని ఊరేగుతారు. పార్కింగ్ దొరకదన్న భయంతో మానేశాం. నిజం చెప్పాలంటే ఉరి తీసిన చోట తిరునాళ్ళు చూడాలని నాకూ అంత సరదా లేదు.

పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు తెచ్చుకునే హాలోవీన్ పండగ దగ్గర పడిందని, మొహాలు చెక్కడానికి ఆదివారం తోటకి వెళ్ళి గుమ్మడికాయలు తెచ్చాం. అసలు గొడవ ఇంటికొచ్చాక మొదలైంది. వదిన కాయని బల్ల మీద పెట్టి కత్తి తియ్యగానే అత్తయ్యగారు "ఆగవే!" అని అరిచారు. ఆడవాళ్ళు గుమ్మడికాయకి మొదటి గాటు పెట్టకూడదు, మగవాళ్ళే పెట్టాలి. ఆఫీసులో నలభై మందిని నడిపించే మా వదిన, "అమ్మా, ఇది అమెరికా, ఇది కూర కోసం కాదు" అంది. "కాయ ఎక్కడిదైనా కాయే" అన్నారు ఆవిడ. చివరికి మామయ్యగారు లేచి, దణ్ణం పెట్టి, ఓ గాటు పెట్టి కత్తి కూతురికి ఇచ్చారు. పిల్లలు కళ్ళూ ముక్కూ గీశారు. అది చూసి ఆయన, "ఓస్, ఇంతేనా! మనం కొత్తిల్లు కడితే బూడిద గుమ్మడికాయ మీద రాక్షసుడి మొహం గీసి వేలాడదీస్తాం కదా, ఇదీ అదే" అన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. ఐర్లండ్ వాళ్ళు హాలోవీన్ రాత్రి తిరిగే ఆత్మల్ని బెదరగొట్టడానికి టర్నిప్ దుంపల్ని తొలిచి మొహాలు చెక్కేవారు. అమెరికాకి వలస వచ్చాక ఇక్కడ పెద్దగా, తేలిగ్గా తొలవడానికి వీలుగా ఉన్న గుమ్మడికాయ దొరికింది, దుంపని వదిలేశారు. దిష్టి మాత్రం రెండు చోట్లా ఒకటే.

తీసిన గుజ్జు పారెయ్యడానికి అత్తయ్యగారు ఒప్పుకోలేదు. బెల్లం వేసి దప్పళం పెట్టారు. చెక్కడానికి అమ్మే కాయలు సైజు కోసం పెంచినవి, రుచి ఉండదు. ఒక ముద్ద తిని ఆవిడే, "చప్పిడి పీచు, మన కాయ కాదు" అని గిన్నె పక్కకి జరిపారు. గింజలు మాత్రం వేయించి ఉప్పూ కారం చల్లితే పది నిమిషాల్లో ఖాళీ. మెట్ల మీద పెట్టిన కాయ ముక్కుని రెండో రోజుకల్లా ఉడతలు తినేశాయి.

ఆ ఏడు దీపావళి, హాలోవీన్ ఒకే రోజు పడ్డాయి. అక్టోబర్ 31, గురువారం. "దీపాల పండగ రోజున దెయ్యాల వేషాలేంటండీ" అని మామయ్యగారు పొద్దున్నే సణిగారు. నరక చతుర్దశి తలంటుకి మా పాప ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. చలని భయపడి నేను టెక్సస్ నుంచి దూదితో కుట్టిన గుమ్మడికాయ డ్రెస్ మోసుకొచ్చాను. మధ్యాహ్నానికి ఎండ 80 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గరికి పోయింది. పోయినేడు మూడు నెలల పసికందు, హాలోవీన్ అంతా నిద్రలోనే గడిచింది కాబట్టి ఇదే మొదటి లెక్క. డ్రెస్ వెయ్యకపోతే మా ఆవిడ ఊరుకోదు. వేశాం. అత్తయ్యగారు చూసి, కళ్ళు తిప్పుకోలేకపోయి, కాటుక తెచ్చి బుగ్గ మీద రూపాయి బిళ్ళంత చుక్క పెట్టారు.

ఐదున్నర దాటి పొద్దు గూకగానే దివిటీలు. ఈ రాష్ట్రంలో టపాకాయలన్నీ నిషేధం, కాకరపువ్వొత్తి కూడా. ఊళ్ళో అయితే గోగు కర్రలకి గుడ్డ ఒత్తులు కట్టి వెలిగిస్తారు. ఇక్కడ మామయ్యగారు పెరట్లోంచి పచ్చి కొమ్మలు విరిచి, పాత పంచె చింపి ఒత్తులు చుట్టి, నువ్వుల నూనెలో తడిపారు. ఎండుటాకుల టెన్షన్‌తో మా వదిన నీళ్ళ గొట్టం పట్టుకుని పక్కనే నిలబడింది. చిట్టి పిడికిలి మీద తన చెయ్యి వేసి ఆయన దివిటీ తిప్పించారు. "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగుల చవితి." పెద్దలకి దారి కనపడటానికట ఈ వెలుగు, వదినగారమ్మాయి అడిగితే చెప్పారు. ఎదురుగా అస్థిపంజరం డ్రెస్ వేసుకున్న ఓ ఎనిమిదేళ్ళ కుర్రాడు, బకెట్ పట్టుకుని, మా తంతు అయ్యేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు. చాక్లెట్ తీసుకుని "మీ ఇల్లే బెస్ట్" అని వెళ్ళాడు. మేం ఆ నీళ్ళ గొట్టంతోనే కాళ్ళు కడుక్కుని నోరు తీపి చేసుకున్నాం.

అత్తయ్యగారు గుమ్మంలో కుర్చీ వేసుకున్నారు. ఒక పళ్ళెంలో చాక్లెట్లు, తెలుగు పిల్లలు వస్తే ఇవ్వడానికి ఇంకో దాంట్లో ఆత్రేయపురం పూతరేకులు. జీడిపప్పు పడనివాళ్ళుంటారమ్మా, అడగకుండా ఇవ్వకని వదిన నాలుగుసార్లు చెప్పింది. ఎదురింటివాళ్ళు నీలిపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ పెట్టారు. ఆ రంగుంటే అలర్జీలున్న పిల్లలకి తిండి కాకుండా బొమ్మలు, స్టిక్కర్లు ఉన్నాయని గుర్తు. 2014 నుంచి దేశమంతా పాకిన అలవాటట.

మేం మామయ్యగారితో వీధిలోకి వెళ్ళాం. ఆయన చంకలో గుమ్మడికాయ, దాని చేతిలో బకెట్. మొదటి ఇంటాయన బుగ్గ మీద చుక్క చూసి "మచ్చ పడిన గుమ్మడికాయా?" అని నవ్వి రెండు చాక్లెట్లు ఎక్కువ వేశాడు. రెండో ఇంటి ముందు మేడంత అస్థిపంజరం ఉంది. ఇది జడుసుకుంటుందని నేను అడ్డం వెళ్ళబోయాను. అది తలెత్తి చూసి, వేలు చూపించి, స్పష్టంగా "తాత" అంది. మామయ్యగారు వీధిలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇంకా అక్కడిదాకా రాలేదే చిట్టీ!" అన్నారు. నాలుగో ఇంటికి దూది వేడికి చెమటలు పట్టి డ్రెస్ విప్పేశాం. ఆరో ఇంటికి ఆయన భుజం మీదే నిద్రపోయింది. మిగతా వీధంతా ఆయన ఖాళీ గుమ్మడికాయ డ్రెస్ వేలాడదీసుకుని, నిద్రపోతున్న పిల్లనెత్తుకుని, ఒక్కో ఇంటిముందూ ఆగి దీపాలు చూస్తూ నడిచారు. దెయ్యాల గురించి మళ్ళీ ఏమీ అనలేదు.

నవంబర్ 2న తిరుగు ప్రయాణం. ఎయిర్‌పోర్ట్‌కి ఆయన రాలేదు, గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

నెల మూడో వారంలో ఆయన భీమవరం నుంచి ఫోన్ చేశారు. ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరిగాయి, అక్కడ ఏడంటే మాకు ఇప్పుడు ఏడున్నర. వరండా, కుర్చీ, కాఫీ గ్లాసు, అన్నీ మామూలే. "చిట్టీ" అన్నారు. ఇది స్క్రీన్ నాకలేదు. దిగి లోపలికి వెళ్ళిపోయింది. విసుగేమో అనుకున్నాను. బూట్లు రెండూ గుండెకి హత్తుకుని వచ్చి ఫోను ముందు పడేసి నిలబడింది.

మామయ్యగారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.