బస్తా నిర్దోషి

మన బడి పాత విద్యార్థుల సమ్మేళనం కమిటీ తరఫున సైరన్ (ఇక్కడి పేర్లన్నీ బడిలో పెట్టుకున్న మారుపేర్లే) ఫోన్ చేసి, సంచికకు రెండు పేజీలు రాసి పంపమని, ఆలస్యం చేస్తే తానే రాసి నా పేరు పెడతానని బెదిరించాడు. వాడు రాస్తే ఏం రాస్తాడో బి సెక్షన్‌లో అందరికీ తెలుసు కనుక, నేనే కలం పట్టవలసి వచ్చింది. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా మనం ఏం చదివామో నన్ను అడగవద్దు. నాకు జ్ఞాపకం ఉన్నది 1979 జూన్ నుంచి మరుసటి మార్చి వరకే. అందులోనూ సైన్సు చెప్పిన పీఎస్ సార్, చెరువుకట్ట, అద్దె సైకిలు.

ఆ సంవత్సరం పైనున్నవన్నీ కిందికి వచ్చాయి. జూలైలో అమెరికావాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ మన నెత్తినే పడుతుందని ఊరంతా నిశ్చయించుకుని, పోయేముందు తిని పోదామని కోళ్లనూ మేకలనూ వరసపెట్టి కోసింది. హాఫ్ టికెట్ వాళ్లింట్లో అప్పు చేసి పొట్టేలును తెచ్చారు. జూలై 11న ఆ 77 టన్నుల ఇనుము హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి భాగంలోనూ ముక్కలై రాలింది గానీ, పొట్టేలు అప్పు తీరేసరికి సంక్రాంతి దాటింది. నెల తిరిగీ తిరగకుండానే, ఆగస్టు 10 ఉదయం, శ్రీహరికోట వైపు నుంచి మన దేశపు రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3 నిప్పులు కక్కుతూ లేవడాన్ని బడి మిద్దె మీద నుంచి చూసి చేతులు నొప్పి పుట్టేలా చప్పట్లు కొట్టాం. అది బంగాళాఖాతంలో కూలిపోయిందని తరవాత తెలిసింది. మరునాడు తరగతిలో ‘రాకెట్ ఎందుకు పడింది సార్’ అని సైరన్ అడిగితే, ‘కక్ష్యలో తిరిగేది కూడా పడుతూనే ఉంటుందిరా, కాకపోతే సెకనుకు దాదాపు 8 కిలోమీటర్లు అడ్డంగా పరిగెత్తుతుంది కాబట్టి నేల దానికి అందదు. దీనికి ఆ పరుగు దక్కలేదు’ అన్నారు సార్. అర్థమైనట్లు తల ఊపాం.

అర్థమైంది మాత్రం ఆ నెలాఖరు ఆదివారం. జామెట్రీ బాక్సు తాకట్టు పెట్టి పంక్చర్ వాళ్ల నాన్న షాపులో గంటకు పావలా చొప్పున సైకిలు తీసుకుని, సీటు మీద నేను, ముందు బారు మీద హాఫ్ టికెట్, వెనక క్యారియర్ మీద మన బస్తాగాడు, కట్ట మీద నుంచి కిందికి వదిలాం. మొదటి నాలుగు గజాలు సుఖంగానే ఉంది. సగం దూరంలో బ్రేకు నొక్కితే కడ్డీ రిమ్ముకు రాసుకుని కీచుమన్నదే తప్ప బండి ఆగలేదు. ఆ తరవాతి సంగతులు నాకంటే సర్కారు తుమ్మ కంపకు బాగా తెలుసు. అటుగా పోతున్న పీఎస్ సార్ మమ్మల్ని ఇంటికి తీసుకుపోగా, అమ్మగారు పిన్నీసుతో ముళ్లు తీసి పసుపు అద్దారు. లోపల ముళ్లు దిగుతున్నా హాఫ్ టికెట్ ‘వీడి బరువు వల్లే సార్’ అని బస్తా మీద ఫిర్యాదు చేయడం మానలేదు. బస్తా ఏడ్చాడు, ముళ్లకు కాదు.

సోమవారం సార్ పాఠం చెప్పలేదు. మేస్త్రీ దగ్గర నీళ్ల గొట్టం తెప్పించి, సెక్షన్ మొత్తాన్ని కట్ట దగ్గరికి నడిపించి, మట్టం చూసి, కట్ట ఎత్తు 5 మీటర్లని తేల్చారు. అక్కడే కంకర మీద సుద్దముక్కతో లెక్క వేశారు: రెండు ఇంటూ 9.8 ఇంటూ 5, దాని వర్గమూలం, సెకనుకు దాదాపు 10 మీటర్లు, అంటే గంటకు 36 కిలోమీటర్లు. ‘ఇందులో బస్తా ఎక్కడున్నాడో చూపించరా’ అని హాఫ్ టికెట్‌ను అడిగారు. లెక్కలో ఎక్కడా లేడు. గాలి, రాపిడి పక్కన పెడితే, ఒక్కడు దిగినా ముగ్గురు దిగినా కట్ట కింద వేగం ఒక్కటే. మారేది ఆపవలసిన శక్తి: నేనొక్కణ్ణే సైకిలుతో దిగితే 3,000 జౌళ్లు, ముగ్గురం దిగితే 8,000. ‘దిగడానికి ఎవడి సాయమూ అక్కర్లేదు, ఆపడానికి మాత్రం బ్రేకు కావాలి’ అంటూ సార్ నా వైపు చూశారు. ఎందుకు చూశారో నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు.

తరవాత పాలిటెక్నిక్, అటుపైన రవాణా సంస్థలో ఉద్యోగం. 1980 జూలై 18న అదే ఎస్‌ఎల్‌వీ-3 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలబెట్టినప్పుడు మనం చెరో దిక్కూ అయిపోయాం; నేను ఎక్కడ ఉండి విన్నానో కూడా గుర్తు లేదు. గుర్తున్నది తిరుమల ఘాట్. అక్కడికి వచ్చే కొత్త డ్రైవర్లకు చాలా ఏళ్లు నేను పాఠం చెప్పాను. ఎక్కేది 1974 నాటి రెండో దారిలో, దిగేది 1944 నాటి మొదటి దారిలో. 15 టన్నుల బస్సు 700 మీటర్ల ఎత్తు దిగేసరికి 10 కోట్ల జౌళ్లకు పైగా శక్తిని ఎక్కడో ఒకచోట వదిలించుకోవాలి. అదంతా బ్రేకు మీదే వేస్తే లైనింగ్ కాలి, పెడల్ నేలకు ఆనుతుందే గాని బండి ఆగదు. అందుకే ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగమని, ఇంజనును కూడా ఆపే పనికి వాడుకోమని చెప్పేవాణ్ణి. చెప్పే ముందు బోర్డు మీద వేసింది మాత్రం మన కట్ట లెక్కే. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఘాట్‌లో బండి అదుపు తప్పినవాడు ఒక్కడు కూడా లేడు. ఇంతకంటే గొప్పలు నాకు లేవు. బస్తాకు మూడు రైసు మిల్లులు ఉన్నాయని విన్నాను.

ఇక అసలు సంగతి. ఎస్‌ఎల్‌వీ-3 మొదటిసారి కూలడానికి కారణం రెండో దశ నియంత్రణకు ఉంచిన నైట్రిక్ ఆమ్లం ముందే కారిపోవడమని ఎన్నో ఏళ్ల తరవాత చదివినప్పుడు, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కట్ట ఎక్కేటప్పుడే ఆ సైకిలు వెనక బ్రేకు రబ్బరు ఊడి నా చేతికి వచ్చింది. ముందు చక్రానికి మొదటినుంచీ బ్రేకే లేదు. చెబితే ఇద్దరూ ఎక్కరని, రబ్బరును చొక్కా జేబులో వేసుకున్నాను. అమ్మగారు చొక్కా ఉతకడానికి విప్పినప్పుడు అది సార్ చేతిలో పడింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. వీడ్కోలు సభ నాడు పొట్లం కట్టి నా చేతిలో పెట్టి, ‘ఇది నీదేగా’ అన్నారు, అంతే.

బస్తా, ఇన్నేళ్లూ నీ మీద ఉన్న నేరం నాది. అచ్చులో ఒప్పుకుంటున్నాను. రబ్బరు ఇంకా నా దగ్గరే ఉంది, సమ్మేళనానికి తెస్తాను. పంక్చర్ కూడా వస్తున్నాడట; వాళ్ల నాన్న ఆపుకున్న నా జామెట్రీ బాక్సు తెచ్చిస్తే ఆ రబ్బరు వాడికి ఇచ్చేస్తాను.