రుణపత్రంలో దాగిన బీమా రుసుము: నా అనుభవం

ప్రొద్దుటూరులోని మా ఇంటి పైకప్పు మరమ్మతు కోసం కడపలోని ఒక ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలో 3 లక్షల రూపాయల వ్యక్తిగత రుణం తీసుకున్నాను. ప్రాసెసింగ్ రుసుము పోను రావలసిన దానికన్నా 18 వేలు తక్కువగా నా ఖాతాలో జమ అయింది. కారణం అడిగితే, "అది ఇన్సూరెన్స్ సార్, అందరికీ ఉండేదే" అని శాఖ ఉద్యోగి చెప్పారు. బీమా కావాలా అని నన్నెవరూ అడగలేదు. ట్యాబ్ మీద వరుసగా తీసుకున్న ఓటీపీలలో ఒకటి దానికి సమ్మతి కిందకు వచ్చిందట. అన్నిటికన్నా అన్యాయం ఏమిటంటే, నా చేతికి రాని ఆ సొమ్మును కూడా అసలులో కలిపారు కాబట్టి, దాని మీద వడ్డీ చివరి కంతు దాకా నేనే కట్టాలి.

ముందుగా ఒప్పంద పత్రం, రుణం ముఖ్య వివరాలను ఒక్కచోట చూపే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ నకళ్లు ఇమ్మని రాతపూర్వకంగా అడిగాను. ఈ రెండో కాగితమే నాకు ఆధారమైంది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ టర్మ్ రుణాలకు, అంటే వ్యక్తులకు నిర్ణీత గడువుతో ఇచ్చే అప్పులకు, ఈ స్టేట్‌మెంట్‌ను రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇచ్చి, వివరించి, అర్థమైనట్టు అంగీకారం తీసుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. బీమా వంటి, ఇతర సంస్థల తరఫున వసూలు చేసే ఖర్చులను కూడా రుణం మీద పడే మొత్తం ఖర్చును తెలిపే ఏపీఆర్ అనే వార్షిక రేటులో కలిపి చూపాలి. స్టేట్‌మెంట్‌లో లేని రుసుమును రుణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయరాదు. నాకిచ్చినది పూర్తిగా ఇంగ్లీషులో ఉంది, బీమా ఊసే అందులో లేదు. ఒప్పందం చివరి అనుబంధంలో మాత్రం, రుణగ్రహీత స్వయంగా కోరినందున బీమా కల్పించినట్టు చిన్న అక్షరాలలో రాసుకున్నారు. నేను కోరనిది కోరినట్టు రాసుకోవడాన్ని మోసమనే అంటాను.

సంస్థ ఫిర్యాదుల అధికారికి రిజిస్టరు పోస్టులో రాస్తే, ఓటీపీయే సమ్మతి అని ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది. సంస్థ ఫిర్యాదును తిరస్కరించినా, 30 రోజులలో జవాబివ్వకపోయినా ఇలాంటి ఫిర్యాదులను పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కరలేదు. అదే విషయం కోర్టులోనో వినియోగదారుల కమిషన్‌లోనో నడుస్తుంటే అంబుడ్స్‌మన్ స్వీకరించరు కనుక, జిల్లా కమిషన్‌కు వెళ్లకుండా ముందు ఈ దారి పట్టాను. నా కష్టం చెప్పుకోవడంకన్నా, ఏ పేజీలో ఏముందో, ఉండవలసినది ఎక్కడ లేదో విడివిడిగా చూపడానికే ఎక్కువ శ్రద్ధ పెట్టాను. అంబుడ్స్‌మన్ కార్యాలయం వివరణ కోరిన తర్వాత సంస్థ రాజీకి వచ్చి, ప్రీమియాన్ని అసలులోంచి తీసివేసి, అప్పటిదాకా దాని మీద తీసుకున్న వడ్డీని తిరిగి ఇచ్చి, కంతును సవరించింది.

అయితే ఆ రుణ ఒప్పంద పత్రంలోనే మరో షరతు ఉంది: మొదటి ఏడాదిలో అపరాధ రుసుము కడతామన్నా అప్పును ముందుగా తీర్చనివ్వరు. ఇలాంటి నిరాకరణను 2019 వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 2(46)లో, అన్యాయమైన ఒప్పందాల కిందనే పేర్కొంది. కానీ అలాంటి ఒప్పందాల మీద ఫిర్యాదు వినే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఇంత చిన్న అప్పు తీసుకున్న మనిషిని అంత దూరం పంపడం నాకు సమంజసంగా తోచదు. ఫిర్యాదుకు చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు. ఆలోగా దాఖలు చేయడానికి కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాను.