1,280 గ్రాముల పాప

మా పాప 30 వారాలకే పుట్టింది, 1,280 గ్రాములతో. 37 వారాలు నిండకముందు పుట్టిన వాళ్లందరినీ నెలలు నిండని బిడ్డలనే అంటారు గానీ, 35 వారాల బిడ్డకీ 27 వారాల బిడ్డకీ పోలికే లేదు. మాది మధ్య రకం. కాన్పుకు ముందు నాకు బీటామెథాసోన్ ఇంజెక్షన్లు రెండు పడ్డాయి, 24 గంటల తేడాతో 12 మిల్లీగ్రాముల చొప్పున. ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు ముడుచుకుపోకుండా సర్ఫాక్టెంట్ అనే పలుచని పూత కాపాడుతుంది. ఇంత ముందుగా పుట్టేవాళ్లలో అది చాలినంత ఉండదు, ఆ మందు దాన్ని త్వరపెడుతుంది. పాపకు వెంటిలేటర్ పెట్టలేదు, ముక్కు ద్వారా కొంచెం ఒత్తిడితో గాలి పంపే సీపాప్‌తోనే సరిపోయింది.

మొదట్లో మేమంతా చేసే తప్పు ఒకటే, కళ్లప్పగించి మానిటర్‌నే చూస్తూ కూర్చోవడం. ఆక్సిజన్ పెట్టినంతకాలం అందులో కనిపించే రక్తంలోని ఆక్సిజన్ శాతం 90కీ 95కీ మధ్య ఉండాలి. పైకి పోయినా అలారం మోగుతుంది. ఎక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది, కానీ అతి ఆక్సిజన్ కంటి వెనక పొరలో ఇంకా ఎదుగుతున్న రక్తనాళాలను చెడగొడుతుంది. సగం అలారాలు పాదానికి కట్టిన ప్రోబ్ వదులై మోగేవే. "మానిటర్ సంగతి మేం చూస్తాం, నువ్వు పాప పెదాల రంగు చూడమ్మా" అని నర్సు అన్నప్పుడు నాకు కోపం వచ్చింది గానీ, ఇంటికొచ్చాక పనికొచ్చింది అదే.

ఊపిరి 20 సెకన్లు ఆగితే, లేదా అంతకన్నా తక్కువసేపే ఆగినా గుండె వేగం పడిపోతే, దాన్ని ఆప్నియా అంటారు. ఊపిరి తీయమని చెప్పే మెదడు భాగం ఇంకా పచ్చిగా ఉండటమే కారణం. అరికాలు మెల్లగా రుద్దితే చాలాసార్లు మళ్లీ తీస్తారు. రోజూ ఇచ్చే మందు కెఫీన్, అవును, కాఫీలో ఉండేదే. కడుపులో ఉన్న వారాలతో కలిపి పాపకు 34 వారాలు నిండాక ఆపి, వారం పాటు ఒక్కసారి కూడా ఊపిరి ఆగలేదని తేలాకే పంపుతామన్నారు.

పాల సంగతి వివరంగా చెప్పాలి. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ ఒక వరసలో పడేది సుమారు 32-34 వారాలకు. అంతదాకా పొట్టలోకి వేసిన సన్నటి గొట్టమే దారి. కాన్పైన మొదటి గంటల్లోనే, ఆరు గంటలు దాటనీయకుండా, పాలు పిండడం మొదలుపెట్టాలి. మొదటి రెండు రోజులు పంపు కన్నా చెయ్యే నయం. ముర్రుపాలు చిక్కగా చుక్కలుచుక్కలుగా వస్తాయి, పంపు వాడితే సగం దానికే అంటుకుపోతాయి. బొటనవేలు పైన, మిగతా వేళ్లు కింద, చనుమొనకు మూడు సెంటీమీటర్లు వెనక పెట్టి, ముందు ఛాతీ వైపు నొక్కి తర్వాత వేళ్లు దగ్గరికి తేవాలి. చనుమొననే పిసికితే నొప్పి తప్ప పాలు రావు. రోజుకు 8 నుంచి 10 సార్లు పిండాలి, అందులో ఒకటి నడిరాత్రి. నిద్ర కోసం రాత్రిది మానేస్తే మూడో వారానికి పాలు తగ్గుతాయి, రొమ్ము నిండుగా ఉండిపోతే ఒళ్లు ఇక అక్కర్లేదనుకుంటుంది. మొదటి రోజు ఒక్కోసారికి అర చెంచా వచ్చినా దిగులు పడొద్దు, అప్పుడు పాపకు ఒక్కోసారికి కావలసిందీ దాదాపు అంతే.

పాపకు రెండు గంటలకోసారి 3 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, వారం తిరిగేసరికి 16 చేశారు. రోజుకు కిలోకు 150 అన్నమాట. సిరంజిలో పోసి ఎత్తి పట్టుకుంటే పాలు వాటంతటవే దిగాలి, తోయకూడదు. పొట్ట బిగిసి మెరుస్తున్నా, ఆకుపచ్చగా కక్కినా, దొడ్డిలో నెత్తురు కనిపించినా వెంటనే చెప్పాలి, పేగు దెబ్బతింటోందేమో అని పాలు ఆపి చూస్తారు. మొదటి వారంలో బరువు 1,150కి పడింది. పదో వంతు దాకా తగ్గడం మామూలే. పుట్టినప్పటి బరువు పన్నెండో రోజుకు తిరిగొచ్చింది. ఆ తర్వాత కిలోకు రోజుకు 15 నుంచి 20 గ్రాములు పెరిగితే చాలు. ఒక్కరోజు తూకం చూసి ఏడవడం దండగ, మూడు రోజులది కలిపి చూడాలి.

బిడ్డను ఛాతీకి ఆనించి ఉంచే కంగారూ పద్ధతి 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక పుట్టింది. ఇప్పుడు ఇంక్యుబేటర్లు ఉన్నచోటా అదే మేలని డబ్ల్యూహెచ్‌ఓ రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమంటోంది. డైపరు, టోపీ, సాక్సులు తప్ప బట్టలేమీ లేకుండా బిడ్డను రొమ్ముల మధ్య నిలువుగా ఆనించి, కాళ్లు కప్పలా మడిచి, తల ఒక పక్కకు తిప్పి గుడ్డతో కట్టాలి. కట్టు పై అంచు చెవి కిందికి రావాలి, పొట్ట దగ్గర బిగించకూడదు. గడ్డం ఛాతీ మీదకు వాలితే గాలి దారి మూసుకుపోతుంది, అన్నిటికన్నా ప్రమాదం అదే. ఎత్తుకోవడం, దించడమే బిడ్డకు అలసట కాబట్టి ఒక్కసారి పెట్టుకుంటే గంటకు తగ్గకూడదు. నాన్న ఛాతీ అయినా ఫర్వాలేదు.

అదే లెక్కన 35 వారాలు దాటాక, 1,900 గ్రాములతో ఇంటికొచ్చాం. ఇక మానిటర్ లేదు. అరికాళ్లూ పొట్టా రెండూ వెచ్చగా ఉంటే సరే. కాళ్లు చల్లబడి పొట్ట వెచ్చగా ఉంటే వెంటనే ఛాతీకి ఆనించుకోవాలి. రెండూ చల్లబడితే ఆస్పత్రికే. ఊపిరి నిమిషం నిండా లెక్కపెట్టాలి, ఎందుకంటే వీళ్లు ఐదు పది సెకన్లు ఆగి మళ్లీ గబగబా తీస్తారు. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది. 60 దాటినా, డొక్కలు ఎగరేసినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికే. ఆస్పత్రిలో బోర్లా పడుకోబెట్టడం చూసి ఇంట్లో అలా చేయొద్దు, అక్కడ మానిటర్ ఉంది. ఇంట్లో వెల్లకిలానే.

టీకాలు పుట్టిన తేదీ ప్రకారం వేయించాలి, ఎదుగుదల మాత్రం రెండేళ్ల దాకా డాక్టరు ఇచ్చిన కాన్పు తేదీ నుంచి లెక్కించాలి. ఆరు నెలల మా పాపను మూడున్నర నెలలు దాటిన పిల్లగానే చూశాం. ఇంటికొచ్చిన సంతోషంలో జారిపోయేది కంటి పరీక్ష. మొదటిది పుట్టిన నాలుగో వారంలో వార్డులోనే అయింది. కంటి వెనక పొరలో రక్తనాళాలు అంచు దాకా చేరాయని కంటి డాక్టరు చెప్పేవరకూ తర్వాతి తేదీలు మానకూడదు. కన్ను పైకి చక్కగానే కనిపిస్తుంది, లోపలి సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.